మాయనాణెం

నాణేనికి రెండు ముఖాలుంటాయన్నది లోకంలో బాగా అరిగిపోయిన మాట. ఎవరి నోట విన్నా నాకు మాత్రం నా రాతబల్ల సొరుగులోని చిన్న తోలుసంచీ గుర్తుకు వస్తుంది. అందులోని నాణేలలో ఒకదానికి ఒక ముఖం అమెరికాది, రెండో ముఖం ఇంగ్లండుది. ఇంకొకదానికి ఉన్నది ఒకటే ముఖం. వెనక అంతా గుల్ల. మరొకటి రబ్బరు పట్టీ ఉన్నంతకాలమే నాణెం, అది తెగిననాడు మూడు లోహపు ముక్కలు. ఇంగ్లీషువారు వీటిని జిమ్మిక్కు కాయిన్లంటారు. ఆ మాట నాకు రుచించక చాలాకాలంగా ‘మాయనాణెం’ అని పిలుచుకుంటున్నాను. ఇంతకంటే మంచి పేరు మిత్రులెవరైనా సూచిస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

మూరెడు దూరంలో కూర్చున్న నలుగురైదుగురి కళ్ళ ఎదుట, వారి చేతులు కూడా వాడుకుంటూ చేసే ఇంద్రజాలాన్ని క్లోజప్ మాజిక్ అంటారు. దీన్ని చేరువ ఇంద్రజాలం అందాం. వేదిక, తెర, దీపాలు, సహాయకులు ఏవీ ఉండవు. వృత్తిరీత్యా నేను లెక్కలు రాసుకునే మనిషిని. ఈ విద్య నాకు కూడు పెట్టలేదు, పెట్టమని నేను అడగనూ లేదు. పెళ్ళిళ్ళలో భోజనాలయ్యాక తాంబూలం నములుతూ కూర్చున్న బంధువుల మధ్యా, రైలుపెట్టెలో ఏడుపు మానని పసివాడి ఎదుటా ముప్పయ్యేళ్ళుగా చేస్తున్నాను.

ఇన్నేళ్ళలో నన్ను కొంత ఇరుకున పెట్టిన ప్రశ్న ‘ఎలా చేశావు?’ అన్నది కాదు. దానికి చిరునవ్వు చాలు. నాణెంలోనే ఏదో కిటుకుందని పసిగట్టిన తెలివైనవారు వేసే ప్రశ్న వేరు. ‘అయితే ఇది మోసమే కదా?’ అంటారు. చేతివాటంతో చేస్తే విద్య, నాణెంలోనే కీలు పెడితే మోసం అని వారి భావం. ఈ ప్రశ్నకు మాటల్లో కాక చేతల్లో సమాధానం చెప్పవలసిన అవసరం 2013 వేసవిలో మా బంధువుల ఇంట్లోనే వచ్చిపడింది. ఆ సంగతికి వచ్చేముందు సంచీలోని సరుకును పరిచయం చెయ్యాలి.

* * *

ఈ విద్యలో ఎక్కువగా వాడే నాణెం అమెరికావారి అర డాలరు. దాని అడ్డుకొలత 30.6 మిల్లీమీటర్లు, ఇప్పటి నాణెం బరువు 11.34 గ్రాములు. అరచేతి కండల మధ్య ఇరికించి దాచడానికి మరీ పెద్దది కాదు, నాలుగడుగుల అవతలివారికి కనబడకపోయేంత చిన్నదీ కాదు. దానికి జోడీ ఇంగ్లండువారి పాత కంచు పెన్నీ. ఆ దేశం 1971లో దశాంశ పద్ధతికి మారినప్పుడు చెలామణీలోంచి తప్పుకున్న ఆ పెన్నీ అడ్డుకొలత 30.8 మిల్లీమీటర్లు. రెండు దేశాల టంకశాలలూ ఒకదాన్నొకటి సంప్రదించకుండానే ఇంచుమించు ఒకే కొలతకు, ఒకటి తెల్లగానూ ఒకటి ఎర్రగానూ నాణేలు ముద్రించి పెట్టాయి. ఆ రెంటి చెరొక సగాన్నీ కలిపి చేసినదే నేను మొదట చెప్పిన జంటముఖాల నాణెం.

మనకూ ఆ కొలతకు సరిపోయే నాణెం ఒకటుంది. బ్రిటిషువారి కాలపు వెండి రూపాయి. తులం అన్న తూకానికే ప్రమాణంగా నిలిచిన ఆ రూపాయి 11.66 గ్రాములు తూగుతుంది. అడ్డుకొలతలో అర డాలరుకు సహోదరి. మా నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున అయిదో జార్జి బొమ్మతో నాలుగు రూపాయలుండేవి. అరచేతిలో నాణెం దాచడం నేను సాధన చేసింది వాటితోనే. రాత్రిళ్ళు ఒక్కొక్కటే చేయిజారి గచ్చు మీద ఖంగుమంటూంటే, దొంగలు పడ్డారేమోనని ఆవిడ లేచి కూర్చునేది.

గుల్లనాణెం తయారీ వినడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. అసలు నాణేన్ని ఒక వైపునుంచి తొలిచి, అంచును వెంట్రుకవాసి వెడల్పు చేసి, బొమ్మ ఉన్న పలుచని పొర మాత్రం మిగులుస్తారు. మామూలు నాణెం మీద దాన్ని టోపీలా తొడిగితే రెండూ కలిసి ఒకటిగా కనబడతాయి. మడతనాణేన్ని రెండు చోట్ల కోసి మూడు ముక్కలు చేసి, అంచు చుట్టూ సన్నని గాడి తీసి, ఆ గాడిలో రబ్బరు పట్టీ బిగిస్తారు. మడిస్తే సీసా మూతిలోంచి దూరుతుంది, లోపలికి పోగానే విచ్చుకుంటుంది. మన రోహిణీకార్తె ఎండలకు ఆ రబ్బరు ఏడాది తిరక్కుండానే పెళుసుబారుతుంది. అందుకే ప్రతి వేసవికి ముందూ పాతది తీసి కొత్తది వేసుకుంటాను.

ఇక అయస్కాంతపు నాణేలు. అర డాలరుకు అయస్కాంతం అంటదు. అంటాలంటే దాన్ని తొలిపించి లోపల సన్నని ఉక్కుబిళ్ళ పెట్టించుకోవాలి. అందుకు ఆ దేశపు ఐంద్రజాలికులు చెప్పుకోదగ్గ సొమ్మే పోస్తారు. 1992లో మొదలైన మన స్టీలు రూపాయికి ఆ అవస్థ లేదు. అయస్కాంతం చూపితే తానే ఎగిరి అంటుకుంటుంది. వాళ్ళు దుకాణాల్లో కొనుక్కునే జిమ్మిక్కును మన టంకశాల రూపాయికి రూపాయిచొప్పున పంచిపెడుతోందన్నమాట!

గుట్టు ఇలా బాహాటంగా చెప్పవచ్చునా అని ఎవరికైనా సందేహం రావచ్చు. జె.బి. బోబో అనే అమెరికన్ 1952లో వెలువరించిన ‘మోడరన్ కాయిన్ మాజిక్’ ఈ విద్యకు పెద్దబాలశిక్ష వంటిది. అందులో ఈ కిటుకు నాణేలకు ఒక ప్రత్యేక ప్రకరణమే ఉంది. అట్టలు ఊడిన దాని జిరాక్సు ప్రతే నాకు గురువు. ఫలానా నాణెం గుల్లగా ఉంటుందని తెలిసినంతమాత్రాన ఎవరూ ఐంద్రజాలికులు కాబోరు. వీణకు ఎన్ని తీగలుంటాయో తెలిసినవారంతా వైణికులు కానట్టే. ఏ ప్రదర్శనలో ఏ నాణెం ఎప్పుడు వస్తుందో, ఎలా పోతుందో అదే అసలు రహస్యం. దాని జోలికి నేను పోవడం లేదు.

* * *

ఒక చిన్న ప్రదర్శనను ప్రేక్షకుడి కళ్ళతో చూడండి. ఎదురుగా ఒక పిన్నిగారు కూర్చున్నారు. ఆవిడ చేతికి రాగి పెన్నీ, వెండి అర డాలరు రెండూ ఇస్తాను. అటూ ఇటూ తిప్పి చూస్తారు, గోటితో గీరి చూస్తారు. ఒకటి ఆవిడ గుప్పిట్లో, ఒకటి నా గుప్పిట్లో. ఆవిడ దగ్గర రాగి, నా దగ్గర వెండి. ఏ చెయ్యీ కదలలేదు. గుప్పిళ్ళు విప్పితే ఆవిడ చేతిలో వెండి తళతళలాడుతోంది. ఆవిడ మళ్ళీ గోటితో గీరి చూస్తారు. అది నికార్సయిన నాణెమే.

అంటే ఆటకు ముందూ, ఆట తరువాతా ప్రేక్షకుడి చేతిలో ఉండవలసినవి నిఖార్సయిన నాణేలు. అయిదు నిమిషాల ఆటలో మాయనాణెం రంగం మీద ఉండేది నాలుగైదు క్షణాలు. తక్కిన కాలమంతా అది కంటపడకుండా రావడానికీ, కంటపడకుండా పోవడానికీ బాట వెయ్యడంతోనే సరిపోతుంది. మాయనాణెం కొనుక్కుంటే సాధన తగ్గుతుందనుకోవడం వంటమనిషిని పెట్టుకుంటే ఆకలి తగ్గుతుందనుకోవడం వంటిది.

మాయనాణేనికి ముగ్గురు శత్రువులు. మొదటిది చప్పుడు. వెండి వెండిని తాకితే గంట మోగినట్టుంటుంది. గుల్లనాణెం తాకితే బీటవారిన కుండను తట్టినట్టుంటుంది. మౌనంగా ఉండవలసిన వేళ నాణెం చప్పుడు చేస్తే, నాణెం ‘మాట్లాడింది’ అని ఈ విద్యలోనివారు అంటారు. రెండో శత్రువు మన చెయ్యే. కిటుకున్న నాణెం పట్టుకున్న చెయ్యి తెలియకుండానే బిగుసుకుంటుంది. ప్రేక్షకుడి కన్ను నాణేన్ని కాక ఆ బిగువును పట్టుకుంటుంది. అద్దం ముందు నేను చేసిన సాధనలో సగం ఆ చేతిని ఖాళీ చేతిలా వదులుగా ఉంచడానికే. మూడోది అన్నిటికన్నా భయంకరమైనది, ఒక చిన్న వాక్యం: ‘ఏదీ, ఒక్కసారి ఇలా ఇవ్వు.’

ఈ మూడో శత్రువుకు భయపడనివారు చేతివాటం మీదే ఆధారపడేవారు. టి. నెల్సన్ డౌన్స్ (1867-1938) అనే ఆయన అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రైల్వే తంతి గుమాస్తాగా పనిచేస్తూ, వెండి నాణేలను వేళ్ళ వెనకా ముందూ దాచే విద్యను అబ్బురమైన స్థాయికి తీసుకుపోయాడు. గాలిలోంచి నాణేలు ఏరుకొని టోపీలో వేసుకునే ఆటతో ‘కాసుల రాజు’ అన్న బిరుదు సంపాదించి, 1899లో లండన్ రంగస్థలాలదాకా వెళ్ళాడు. ఆయన వారసులనుకునేవారు కొందరు మాయనాణేలను చిన్నచూపు చూస్తారు. నాకు ఆ పేచీలో పస కనబడదు. దాచినది చేతిలోనా, నాణెంలోనా అన్నది మేమూ మేమూ తేల్చుకోవలసిన సంగతి. ప్రేక్షకుడి వైపునుంచి చూస్తే రెండూ కనికట్టే. ఎంత చక్కని మాట! కన్నును కట్టడం. కట్టేది ఏ తాడుతోనైనా కట్టబడేది కన్నే.

* * *

అయితే మోసం మాటేమిటి?

ఈ విషయంలో అమెరికావారి చట్టం నాకు ఆసక్తికరంగా తోచింది. అక్కడ నాణేన్ని కొయ్యడం, తొలవడం, రూపు మార్చడం దానంతటదే నేరం కాదు. వంచించే ఉద్దేశంతో చేస్తేనే నేరం. అందుచేతనే అక్కడ గుల్లనాణేలు చేసేవారు బోర్డు కట్టుకొని వ్యాపారం చేసుకోగలుగుతున్నారు. మన 2011 నాటి నాణేల చట్టం నాణేలను కరిగించడాన్నీ నాశనం చెయ్యడాన్నీ నిషేధించింది కనుక నేను మన రూపాయి జోలికి ఆకురాయితో పోలేదు. నా గుల్లలన్నీ పరదేశపువే. సరే, చట్టం చట్టమే. అందులో నాకు నచ్చినది ఒకే లోహపు ముక్కను చేసినవాడి ఉద్దేశాన్ని బట్టి ఆటవస్తువుగానో నేరసాధనంగానో చూడటం.

ఈ తేడాకు చరిత్రలో నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఆధునిక ఇంద్రజాలానికి పితామహుడనిపించుకున్న రాబర్ట్ హూడిన్ (1805-1871). గడియారాల పనివాడిగా జీవితం మొదలుపెట్టిన ఈ ఫ్రెంచి దేశస్థుడి దగ్గర ఒక చిన్న పెట్టె ఉండేది. పెట్టె అడుగున ఇనుము, వేదిక కింద విద్యుదయస్కాంతం. విద్యుత్తు ప్రవహించినంతసేపూ ఆ పెట్టెను ఎవరూ ఎత్తలేరు. పారిస్ ప్రేక్షకులకు అది సాయంకాలపు వినోదం. అల్జీరియాలో మరాబూలనే మతగురువుల మహిమల మీద ప్రజలకున్న గురి తన పాలనకు అడ్డమని భావించిన ఫ్రెంచి ప్రభుత్వం 1856లో ఆయన్ను అక్కడికి పంపింది. ఆయన ఒక బలశాలిని వేదికపైకి పిలిచి, నీ బలాన్ని లాగేస్తున్నానని చెప్పి, అదే పెట్టెను ఎత్తమన్నాడు. అతడు ఎత్తలేకపోయాడు. ఈ వృత్తాంతాన్ని హూడిన్ ఆత్మకథలో స్వయంగా రాసుకున్నాడు. పెట్టె అదే, అయస్కాంతమూ అదే. పారిస్‌లో ‘చూడండి, తమాషా’ అన్నవాడు అల్జీర్సులో ‘చూడండి, నా శక్తి’ అన్నాడు. మొదటిది ఆట, రెండోది ఏలికల పని.

నేను చేసుకున్న నిర్ణయం ఇది. ఆట మొదలుకాకముందే ఎదుటివారికి ఇది ఆట అని తెలియాలి. నేను వారి కళ్ళకు గంతలు కట్టబోతున్నానని వారికి తెలుసు, కట్టించుకోవడానికి వారు సమ్మతించారు. ఆట ముగిశాక వారి సొమ్మూ, వారి నమ్మకాలూ మొదట ఎక్కడున్నాయో అక్కడే ఉండాలి. ఈ ఒప్పందం ఉన్నంతవరకు నాణెం గుల్లయినా గట్టిదయినా ఒకటే. ఒప్పందం లేనినాడు గట్టి నాణెం కూడా దొంగ నాణెమే.

* * *

ఇక 2013 వేసవి సంగతి.

మా అక్కయ్యవాళ్ళది తణుకు దగ్గర ఒక పల్లె. బావగారు నాలుగెకరాల రైతు. లెక్కకు గట్టివారు, ఎరువుల కొట్లో చిల్లర సైతం రెండుసార్లు లెక్కపెట్టుకుని గాని జేబులో వెయ్యరు. అంతకుముందటి ఏడు నవంబరులో నీలం తుపాను వానలకు కోతకు వచ్చిన చేను నీట మునిగింది. గింజ మొలకెత్తిపోయింది. అప్పు పెరిగింది. మేనకోడలి పెళ్ళికని దాచిన మూడు లక్షలు మాత్రం మిగిలాయి. అటువంటి మనిషి దగ్గరకు ఒక పరిచయస్థుడి పరిచయస్థుడు ఒక రాగినాణెం కబురు పట్టుకొచ్చాడు.

దాని వర్ణన మీలో చాలామంది పత్రికల్లో చదివే ఉంటారు. రైస్ పుల్లింగ్ అంటారు. ఈస్టిండియా కంపెనీ కాలపు నాణెమట. 1818 అన్న అంకె, హనుమంతుడి బొమ్మ. పిడుగు పడి అందులోని రాగి ఇరీడియంగా మారిందట. బియ్యపుగింజలను తనవైపు లాక్కుంటుందట. విదేశాల్లో అంతరిక్ష పరిశోధనకు కోట్లు పెట్టి కొంటారట. ముందుగా నిపుణుడొకరు వచ్చి పరీక్షించాలి. పరీక్ష ఖర్చులు మాత్రం మనం భరించాలి. ఆ ఖర్చు, విచిత్రంగా, సరిగ్గా మూడు లక్షలు.

అక్కయ్య ఫోనులో ఏడ్చింది. నేను మర్నాడే బయలుదేరి వెళ్ళాను.

బావగారు దాపరికం లేకుండా చెప్పారు. తాను కళ్ళారా చూశారు. గింజలు ఎగిరి నాణేనికి అతుక్కున్నాయి. ఒకటి కాదు, పది పదిహేను.

ఆ మాట వినగానే ఏమి జరిగిందో నాకు తెలిసిపోయింది. రాగికి అయస్కాంతం అంటదు. ఇరీడియానికీ ఆ గుణం లేదు. బియ్యపుగింజకు అసలే లేదు. గింజ ఎగిరి నాణేనికి అతుక్కుందంటే గింజకు ఇనుము పట్టించి ఉండాలి, నాణెంలోనో నాణెం వెనకో అయస్కాంతం ఉండాలి. అంటే ఆయన చూసినది చేరువ ఇంద్రజాలం. మూరెడు దూరం, నలుగురు ప్రేక్షకులు, మాయనాణెం, అన్నీ సరిపోయాయి. లేనిది ఒప్పందం ఒక్కటే. 1818 అన్న ఆ హనుమంతుడి బిళ్ళలు కంపెనీ ముద్రించినవే కావని నాణేల పరిశోధకులు ఏనాడో తేల్చారు. ఆ మాటా చెప్పాను. బావగారు వినలేదు.

నేను తణుకు వెళ్ళి లేతు మిషన్ల దుకాణంలో చిటికెడు ఇనుపరజను అడిగి తెచ్చాను. జిగురులో కలిపి గుప్పెడు గింజలకు పట్టించి ఆరబెట్టాను. అక్కయ్య దగ్గరున్న పాత కాలణా ఒకటి తీసుకున్నాను. నా సంచీలోని చిన్న నియోడిమియం అయస్కాంతాన్ని దాని వెనక వేళ్ళ మధ్య పట్టుకున్నాను. సాయంత్రం వాకిట్లో మంచం మీద కూర్చున్న బావగారి ముందు పళ్ళెంలో గింజలు పోసి కాలణాను దించాను. గింజలు ఎగిరి అతుక్కున్నాయి. తరువాత చెయ్యి విప్పి అయస్కాంతాన్ని చూపించాను. గింజను చిదిపి రజనును చూపించాను. రహస్యం విప్పకూడదన్న నియమం మా విద్యలో ఉంది. ఈ ఒక్క రహస్యాన్ని నేను ఎవరికైనా, ఎక్కడైనా విప్పుతాను.

బావగారు కాలణాను తిప్పి తిప్పి చూసి నా చేతిలో పెట్టారు.

“బాగానే చేశావోయ్. నీది గారడీ. ఎప్పుడూ చేసేదేగా. నకిలీది ఉందంటే అసలుది ఎక్కడో ఉండబట్టేగా?”

దీనికి ఏమి చెప్పగలం? దొంగనోటు ఉన్నదంటే అసలునోటు ఉన్నట్టేనన్నది ఆయన తర్కం. నోట్ల విషయంలో అది నిజం కూడాను. కిటుకు విప్పి చూపితే నమ్మకం పోతుందని పుస్తకాలు చదివినవారం అనుకుంటాం. పోదు. ఆయన నమ్మింది నాణేన్ని కాదు, నీట మునిగిన చేనుకు ఎక్కడో ఒక పరిహారం రాసిపెట్టి ఉంటుందన్న మాటను. దాన్ని నా అయస్కాంతం ఎలా లాగగలదు?

రాత్రి భోజనాలయ్యాక మళ్ళీ ఆయన పక్కన కూర్చున్నాను. ఈసారి నాణేన్ని దొంగదనలేదు. వాళ్ళను దొంగలనలేదు.

“బావగారూ, మీకు నచ్చినట్టే కానివ్వండి. ఒక్కటి మాత్రం చెప్పనివ్వండి. ముప్పయ్యేళ్ళుగా నేను నలుగురి ముందూ నాణేలాడిస్తున్నాను. నాకు గుండె జారిపోయే మాటలు మూడున్నాయి. ‘నా వస్తువుతో చెయ్యి.’ ‘నా చేతిలో చెయ్యి.’ ‘నేను చెప్పినప్పుడు చెయ్యి.’ నాది గారడీ కనుక భయం. మీ నాణెం అసలుదైతే వాళ్ళకు భయమెందుకు? రేపు వెళ్ళేటప్పుడు మన గాదెలోని బియ్యం పట్టుకెళ్ళండి. నాణెం మీ చేతిలో పెట్టమనండి. వాళ్ళు సిద్ధమన్నప్పుడు కాక, మీరు సరే అన్నప్పుడు చూపించమనండి. గింజ లేస్తే డబ్బివ్వండి. నేనే దగ్గరుండి లెక్కపెట్టి ఇస్తాను.”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లెక్కకు గట్టివారని చెప్పాను కదా. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టే చెయ్యి ఆయనలో మేలుకుంది.

మర్నాడు ఉదయం తువ్వాలు కొంగున శేరు బియ్యం మూటకట్టుకుని బయలుదేరారు. నేను వస్తానంటే వద్దన్నారు. మూడు గంటలకు తిరిగివచ్చారు. ఇంటి బియ్యానికి మైల ఉంటుందన్నారట వాళ్ళు. మైల కడిగిస్తానన్నారట ఈయన. నాణేన్ని తాకితే రేడియేషన్ కొడుతుందన్నారట. నిన్న మీ చేతిలోనే ఉందిగా అన్నారట ఈయన. మరి కొంతసేపటికి వాళ్ళకు మరో ఊళ్ళో పని గుర్తొచ్చిందట. బావగారు ఇంతమాత్రం చెప్పి కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు. మూట అరుగు మీదే ఉంది. అక్కయ్య ఆ ముడి విప్పి, రాత్రికి ఆ బియ్యమే కడిగి పొయ్యి మీద పెట్టింది.

* * *

ఈ కథ ఇక్కడితో ఆగితే నాకు గొప్పే. కానీ ప్రతి లెక్కకూ ఖర్చు పద్దు ఒకటుంటుంది.

అంతవరకు బావగారు నాకు దొరికిన మంచి ప్రేక్షకులలో ఒకరు. నాణెం మాయమైతే నోరు తెరిచి, నా మోచేతులు తడిమి, చిన్నపిల్లవాడిలా పకపకా నవ్వేవారు. ఆ వేసవి తరువాత ఆయన నా ముందు కూర్చునే తీరు మారింది. సంచీలోకి చెయ్యి పోనివ్వరు. “నా వస్తువుతో చెయ్యి” అంటారు. గురువు అస్త్రాన్ని గురువు మీదికే వదిలారు. సరేనని మొదటిసారి ఆయన జేబులోంచి స్టీలు రూపాయి అడిగాను. దానికి అయస్కాంతం అంటుతుందన్న ధీమా నాది. ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, రూపాయిని తిరిగి జేబులో వేసుకుని, పచ్చని అయిదు రూపాయల నాణెం తీసి ఇచ్చారు. అది నికెలు ఇత్తడి. అయస్కాంతం దాని ముఖం కూడా చూడదు!

ఆ ఇంట్లో నా మాయనాణేలన్నిటికీ ఆనాటితో నిర్వ్యాపారం. అడ్డుకొలత 23 మిల్లీమీటర్లున్న ఆ బుల్లి బిళ్ళను వట్టి చేతులతో మాయం చెయ్యడానికి నాకు ఎనిమిది నెలల సాధన పట్టింది. అర డాలరుకు అలవాటుపడిన అరచేతిలోంచి అది జారి జారి పడేది. ఆ వయసులో కొత్తగా వేళ్ళు వంచుకోవడం ఏమంత సుఖమైన పని కాదు. కాని చేశాను. ఒక మనిషి మూడు లక్షలతోపాటు, నమ్మి నవ్వే గుణాన్ని కూడా జాగ్రత్తగా దాచేసుకుంటే, ఆ రెండోదాన్ని తిరిగి ఇప్పించే పూచీ నాది కాక మరెవరిది?

మేనకోడలి పెళ్ళి మరుసటి ఏడు జరిగింది. అప్పగింతలయ్యాక, పందిట్లో కుర్చీలు మడిచేవేళ, బావగారు వచ్చి నా పక్కన కూలబడ్డారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జేబు తడుముకుని అయిదు రూపాయల బిళ్ళ నా ముందు పెట్టారు. నేను దాన్ని ఆయన కళ్ళ ముందే ఎడమచేతిలోకి తీసుకుని, మూసి, ఊది, విప్పాను. చెయ్యి ఖాళీ. రెండో చెయ్యి చూపించాను. అదీ ఖాళీ.

ఆయన రెండు చేతులూ పట్టుకుని, వేళ్ళ సందులు కూడా వెతికి, చివరికి నా ముఖంలోకి చూశారు.

“ఇది గారడీయేనా?”

“గారడీయే బావగారూ.”

అప్పుడు నవ్వారు.